డీడీటీ వచ్చిన వానాకాలం

మా చెల్లెలికి చలిజ్వరం తిరగబెట్టిన పొద్దునే, దాలాన్‌లో, అదే మా ముందు వసారాలో, నేను పెంచుతున్న ఆకుపురుగుల్లో అన్నిటికంటే పెద్దది తినడం మానేసింది. పురుగు తినడం మానేసిందంటే నాకు పండగే. ఇక అది ఒక పుల్లను చూసుకుని, తోక అంటించుకుని, నడుముకు సన్నటి పట్టుదారం చుట్టుకుని వేలాడుతుంది. ఆ తర్వాత ఒంటి మీది తోలు విడిచి ప్యూపా అవుతుంది. పెట్టె ముందు గొంతుక్కూర్చుని "ఆగింది, ఆగింది" అని పైకే అన్నట్టున్నాను. లోపలి గదిలో, దుప్పట్ల కింద వణుకుతున్న చెల్లెలి కాళ్లు పట్టుకుని కూర్చున్న నాయనమ్మకు వినబడింది.

"ఏంది ఆగింది? పిల్లకు వణుకే ఆగలే" అంది. "దోమతెర కోసి పురుగులకు కట్టె, పిల్లనేమో దోమలకిచ్చె. గిదేం చదువో, నాకైతె సమజ్ గాదు."

ఆ దోమతెర పాతది. కుట్టుకు ఆగనంతగా పిగిలిపోతే నాయనమ్మే దాన్ని మసిగుడ్డల్లో వేసింది. అందులో బాగున్న ముక్క వెతికి, టీ పెట్టె చెక్కలకు బిగించి పంజరం చేసుకున్నాను. ఇదంతా ఆమెకు తెలుసు. అయినా అనేసింది. అన్న తర్వాత ఆ మాట ఇంట్లోంచి పోలేదు. అమ్మ వంటింట్లోంచి ఒకసారి తొంగిచూసి మళ్లీ పొయ్యి దగ్గరికి వెళ్లిపోయింది. చెల్లెలి పళ్లు టకటకమని కొట్టుకునే చప్పుడు దాలాన్ దాకా వినిపిస్తోంది.

ఇది యాభైల్లో సంగతి. మేం దబీర్‌పురాలో ఉండేవాళ్లం. రైల్వే స్టేషన్‌కు ఇవతలి సందులో చివరి పెంకుటిల్లు మాది. నాన్నను బాపు అనేవాళ్లం. ఆయన సర్కారు దవాఖానాలో కాంపౌండరు. సందులో అందరూ ఆయన్ని 'కాంపౌండర్ సాబ్' అనేవారు, డాక్టరు మాట కంటే ఆయన మాటే ఎక్కువ నమ్మేవారు. ఇస్త్రీ అంగీ, నల్ల కోటు లేకుండా గడప దాటిన మనిషి కారు. ఆ ఏడు వానలు విడవకుండా పట్టుకున్నాయి. మోరీలు పొంగి సందంతా నీళ్లు నిలిచాయి. ఇంటికొకరు చొప్పున దుప్పట్ల కింద పడ్డారు. బాపు పొద్దంతా దవాఖానాలో చేదుమందు కలిపి సీసాల్లో పోసేవారు. ఇంటికొచ్చి అదే మందు చెల్లెలి నోట్లో పోసేవారు. ఆయన చేతులెప్పుడూ ఆ వాసనే వేసేవి.

నేను జువాలజీలో ఎమ్మెస్సీ రెండో ఏడు చదువుతున్నాను. మా కాలేజీ మ్యూజియంలో పాతకాలపు చెక్క సొరుగుల్లో సూదులు గుచ్చిన సీతాకోకచిలుకలుండేవి. ఒక సొరుగులో నల్లవి, వెనక రెక్కల మీద అడ్డంగా తెల్లమచ్చల పట్టీ. మరో సొరుగులోనూ నల్లవే, కాని వీటికి వెనక రెక్కల నడుమ తెల్లమచ్చ, అంచున ఎర్రబొట్లు. రెంటికీ వేర్వేరు పేర్లు, వేర్వేరు చీటీలు. నాకు దారి చూపించే మేడం ఒకనాడు ఆ రెండో సొరుగు లాగి, భూతద్దం నా చేతికిచ్చారు.

"వీటిలో సగం ఇక్కడ ఉండాల్సినవి కావు. చూడు, కొన్నిటికి ఒళ్లు కూడా ఎర్రగా ఉంది. అవి విషపువి, పిట్టలు వాటి జోలికి పోవు. మిగతావాటికి ఒళ్లు నలుపే. అవి మొదటి సొరుగులో ఉన్న జాతిలోని ఆడవి. విషపుదాని వేషం వేసుకుని పిట్టల నుంచి తప్పించుకుంటాయి."

"అంటే ఆ జాతిలో ఆడవన్నీ ఎర్రబొట్లవేనా మేడం?"

"అదే చిత్రం. కొన్ని ఆడవి అచ్చం మగవాటిలాగే తెల్లపట్టీతో ఉంటాయి. కొన్ని ఇలా ఉంటాయి. ఒకే తల్లికి రెండు తీర్లూ పుట్టవచ్చు."

"పుస్తకాల్లో రాసి ఉందా?"

"ఉంది. రాసినవాళ్లు ఎక్కడో చూసి రాశారు. నువ్వు ఇక్కడ చూడు. ఒకే తల్లి గుడ్లలోంచి రెండు తీర్ల ఆడవి రావడం నీ కళ్లతో చూశాక ఈ సొరుగులు సర్దుదాం."

అలా మొదలైంది నా పని. మొదటి సంతానాన్ని చీమలు తినేశాయి. రెండోసారి పురుగులకు తెగులు తగిలి నల్లబడి చచ్చిపోయాయి. వానాకాలం దాటితే మళ్లీ ఇన్ని గుడ్లు దొరకవు, నా చదువుకు గడువూ దాటిపోతుంది. మూడోసారి మా సందు మొదట్లోని దేవిడీలో, ఆ పాత నవాబుల బంగళా తోటలో, నిమ్మచెట్టు దగ్గర ఎర్రబొట్ల ఆడదాన్ని పట్టుకున్నాను. ఆ దేవిడీలో ఒక ముసలామె ఒంటరిగా ఉండేది. మేం ఖాలా అని పిలిచేవాళ్లం. గోషా వల్ల మగవాళ్లెవరినీ లోపలికి రానిచ్చేది కాదు కాని, నన్ను మాత్రం "ఆజా బేటీ, ఆజా" అని పిలిచి ఎంత ఆకు కావాలంటే అంత తెంపుకోనిచ్చేది.

ఆ తల్లి పంజరంలోని నిమ్మమొక్క మీద లేత పసుపు గుడ్లు ఒక్కొక్కటిగా పెట్టి, కొన్నాళ్లకు చచ్చిపోయింది. గుడ్లలోంచి వచ్చిన పిల్లలు అచ్చం పిట్టరెట్టల్లా ఉండేవి. తోలు విడిచినప్పుడల్లా పెరిగి, ఆఖరిసారి విడిచాక ఆకుపచ్చగా, నున్నగా తయారయ్యాయి. ముట్టుకుంటే తల వెనక నుంచి ఎర్రటి కొమ్ములు రెండు బయటపెట్టి ఘాటైన వాసన కొట్టేవి. చీమలు రాకుండా పెట్టె కాళ్లను నీళ్లగిన్నెల్లో నిలబెట్టాను. రోజూ పొద్దున్నే లేత కొమ్మలు తెచ్చి నీళ్లసీసాలో గుచ్చి పెట్టేదాన్ని. ఈసారి ఒక్కటీ చావలేదు. అందుకే ఆ పొద్దున నోట్లోంచి ఆ మాట వచ్చింది.

ఆ సాయంత్రం బాపు దవాఖానా నుంచి వస్తూనే, కోటు కూడా విప్పకుండా, "మందు కొట్టేటోళ్లు వస్తున్నరు. ఎల్లుండి మన సందు" అన్నారు.

ఆయన ముఖంలో అలసట ఉన్నా గెలిచిన వెలుగు ఉంది. డీడీటీ చల్లే మనుషుల్ని మా సందుకు రప్పించడానికి ఆయన ఎన్ని రోజులుగా ఆఫీసుల చుట్టూ తిరిగారో మాకు తెలుసు.

"సామానంతా బయట పెట్టాలె. గోడలు, కప్పు, మంచాల కింద, అన్నిట్ల కొడ్తరు. దోమ గోడ మీద వాలితె చాలు, చస్తది."

"దాలాన్‌లో కూడనా బాపూ?" అన్నాను.

ఆయన నా వంక చూశారు. అప్పుడు గాని పంజరం ఆయనకు గుర్తుకు రాలేదు.

"అన్నిట్ల అంటె అన్నిట్లనే."

"దోమను చంపేది వీటిని వదిలిపెడ్తదా? దాలాన్ ఒక్కటి వదిలిపెట్టమని చెప్పు."

"పెట్టె వేరే తాన పెట్టుకో."

"ఇప్పుడు కదిలించొద్దు. కొన్ని దారం కట్టుకుంటున్నయి. తోలు విడిచే ముందు కదిలిస్తె దారం తెగి కింద పడి చస్తయి. నాలుగు రోజులు ఆగుమను."

"ఆగుమంటె వాళ్లు ఇంకో బస్తీకి పోతరు, మళ్లా ఎప్పుడొస్తరో తెల్వదు." బాపు గొంతు పెరగలేదు. ఆయనకు కోపం వస్తే గొంతు ఇంకా తగ్గేది. "చూడు బిడ్డా. సందుల సగం మంది వద్దంటున్నరు. గోడలు ఖరాబైతయని ఒకలు, మగోళ్లు లోపలికొస్తరని ఒకలు. ఖాలా అయితె తలుపే తీస్తలేదు. కాంపౌండర్ సాబ్ ఇంట్ల కొట్టినంక చూస్తా అన్నది. మొదలు నా ఇంట్లనే కొట్టుండ్రని నేను అందరి ముంగట చెప్పిన. ఇప్పుడు నా ఇంట్లనే సగం వదిలితె ఎవరు తీస్తరు తలుపు?"

బాపు కోటు విప్పి మేకుకు తగిలించారు.

"లోపలికి పోయి చెల్లె ముఖం చూసి రా. తర్వాత చెప్పు, దాలాన్ వదలమని."

చూడాల్సిన అవసరం లేదు. పగలంతా చూస్తూనే ఉన్నాను. వణుకు పోయి ఒళ్లు కాలిపోతూ, కళ్లు సగం తెరుచుకుని పడుకుంది. దాని పెదాలు తడుపుతూ ఒక లెక్క వేసుకున్నాను. ఎల్లుండి పొద్దుటి దాకా సమయం ఉంది. అప్పటికి దారం కట్టుకున్నవన్నీ తోలు విడిచి గట్టిపడతాయి. ఆ తెల్లవారే రిక్షా మాట్లాడుకుని, పంజరాన్ని కాచిగూడలో ఉండే మేడం ఇంటికి చేర్చవచ్చు. బాపు మాటా నిలుస్తుంది, నా పనీ నిలుస్తుంది. మర్నాడు కాలేజీకి వెళ్లి మేడంతో చెబితే సరే అన్నారు. గుండె మీది బరువు కొంత దిగింది.

కాని వాళ్లు చెప్పిన రోజు దాకా ఆగలేదు, ఒక రోజు ముందు, ఆ మధ్యాహ్నమే వచ్చేశారు. నేను కాలేజీ నుంచి వచ్చి కాళ్లు కడుక్కుంటున్నాను. సందులో లొల్లి వినిపించింది. పక్క బస్తీలో జనం తలుపులు మూసేసి పొమ్మన్నారట. మధ్యాహ్నం పూట ఖాళీ ఎందుకని ఇన్‌స్పెక్టరు బండిని మా సందుకు తిప్పాడు. బాపును దవాఖానా నుంచి పిలిపించారు. ఆయన ముందు నడుస్తుంటే, ఖాకీ బట్టల మనుషులు బకెట్లు, పంపులు పట్టుకుని మా వాకిట్లోకి వచ్చేశారు. వెనక సందులోని వాళ్లంతా వచ్చారు. ఖాలా కూడా బురఖా వేసుకుని మా గడప బయట నిలబడింది. కాంపౌండర్ సాబ్ ఇంట్లో ఏం జరుగుతుందో చూడాలని అందరూ వచ్చారు.

అమ్మ, నాయనమ్మ ఇద్దరూ కలిసి చెల్లెల్ని మంచంతో సహా వేపచెట్టు కిందికి తెచ్చారు. బియ్యం డబ్బాలు, గిన్నెలు, పరుపులు వాకిట్లో గుట్టపడ్డాయి. ఒకడు తెల్లటి పొడి సంచీ విప్పి బకెట్లో పోస్తుంటే పొగలా లేచింది. గాలి దాలాన్ వైపే కొడుతోంది. బాపు అంగీ చేతులు పైకి మడిచి, కట్టెతో ఆ బకెట్ తిప్పుతున్నారు. ఒప్పుకోని జనాన్ని కదిలించాలంటే తనే చెయ్యి పెట్టాలని ఆయన లెక్క.

నేను పరుగెత్తి పంజరానికి అడ్డంగా నిలబడ్డాను. లోపల ఐదు ప్యూపాలు గట్టిపడ్డాయి. రెండు మాత్రం అప్పుడే దారం బిగించుకుని, వీపు వంచి వేలాడుతున్నాయి. మిగతావి ఇంకా ఆకు తింటున్నాయి.

ఇన్‌స్పెక్టరు దగ్గరికొచ్చి తొంగిచూశాడు. "యే క్యా హై?" అన్నాడు. నేను చెప్పాను. ఆయన వెనక్కి తిరిగి తన మనుషులతో, "సునో భాయ్, మనం పురుగులను చంపుతందుకు వచ్చినం, కాంపౌండర్ సాబ్ ఇంట్ల సాదుతున్నరు" అన్నాడు. వాళ్లు నవ్వారు. గడప దగ్గర కూడా ఎవరో నవ్వారు.

బాపు నవ్వలేదు. తల కూడా ఎత్తలేదు. మెడ నరం ఒకటి కదలడం నాకు కనిపించింది. ఆ క్షణాన నేను "దాలాన్ వదిలెయ్యండి" అని నోరు తెరిస్తే ఆయన సందులో తలెత్తుకోలేరు. తెరవకపోతే అన్నాళ్ల నా పని ఆ గోడతోపాటు తెల్లబడిపోతుంది. నోరు తెరవలేదు, పక్కకూ జరగలేదు.

బాపు కట్టె కింద పెట్టి లేచారు.

"ఇన్‌స్పెక్టర్ సాబ్, మొదలు లోపలి అర్ర, వంటిల్లు, సామాన్ల అర్ర కొట్టుండ్రి. దాలాన్ ఆఖరుకు. నేను ఇంట్ల లేకున్నా సరే, దాలాన్ల ఒక్క గోడ గూడ వదలొద్దు." తర్వాత గడప వైపు తిరిగి అందరికీ వినబడేటట్టు, "చూస్తున్నరు కద? అన్ని గోడలు" అన్నారు.

పంపు చప్పుడు లోపల మొదలైంది. బాపు నా దగ్గరికొచ్చి పంజరం పట్టుకోబోయారు.

"వద్దు!" అని అరిచాను. "చేతులకు మందు అంటింది బాపూ. కడుక్కో."

రోజంతా చేతులు కడుక్కోవడమే పనిగా బతికిన మనిషి ఆయన. నేను ఆయనకు చేతులు కడుక్కొమ్మని చెప్పడం అదే మొదటిసారి. ఒక్క క్షణం నా కళ్లలోకి చూసి, నల్లా దగ్గరికి వెళ్లి సబ్బుతో మోచేతుల దాకా రుద్ది కడుక్కున్నారు. తిరిగొచ్చారు.

"అంగీ కూడ" అన్నాను.

అంగీ నిండా తెల్లటి చారలున్నాయి, విప్పి పక్కన పెట్టిన కోటు మీదా పొడి పడింది. మార్చుకుందామంటే పెట్టెలన్నీ పరుపుల గుట్ట కింద ఉన్నాయి. బాపు అంగీ విప్పి వేపచెట్టు కొమ్మ మీద వేశారు. బనీను మీదే పంజరం ఒక పక్క ఎత్తారు. రెండో పక్క నేను పట్టుకున్నాను. గడప దగ్గర జనం రెండుగా చీలి దారిచ్చారు. ఎవరూ నవ్వలేదు. ఖాలా మాత్రం ముసుగులోంచే "అల్లా ఖైర్ కరే" అని దేవుణ్ని వేడుకుంది. మా కోసమో, పురుగుల కోసమో తెలియదు.

స్టేషన్ దగ్గర రిక్షా ఎక్కాం. పంజరం బాపు ఒళ్లో ఉంది. రాళ్లబాట మీద రిక్షా ఎగిరినప్పుడల్లా ఆయన మడమలు ఎత్తి, ఆ కుదుపు తొడల మీద కాచుకుంటున్నారు. "ఆహిస్తా భాయ్, జర ఆహిస్తా" అని రిక్షావాడితో అంటూనే ఉన్నారు. దారుల్‌షిఫా దగ్గర ఆయనకు తెలిసినవాళ్లు ఎదురై, బనీను మీదున్న కాంపౌండర్ సాబ్‌ను చూసి సలాం చెయ్యాలా వద్దా అని తడబడ్డారు. బాపే తల పంకించారు.

నా కళ్లు ఆ వేలాడుతున్న రెండింటి మీదే ఉన్నాయి. చాదర్‌ఘాట్ వంతెన ఎక్కేటప్పుడు ముందు చక్రం గుంటలో పడింది. ఒకదాని దారం తెగింది. అది కింద చెక్క మీద పడి, మెల్లగా ముడుచుకుని కదలకుండా ఉండిపోయింది.

"పోయిందా?" అన్నారు బాపు.

"పోయింది."

రిక్షా వంతెన దాటింది. తర్వాత ఆయన, "గింత ఫికర్ దేనికి బిడ్డా? పుస్తకంల ఉన్నదే కద నువ్వు చూసేది?" అన్నారు. తిట్టు కాదు, నిజంగానే అడిగారు. ఇన్నాళ్లూ ఇంట్లో ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. సొరుగుల సంగతి, తల్లి సంగతి, రెండు తీర్ల ఆడవాటి సంగతి అంతా చెప్పాను.

"ఉన్నవాటిల అన్నీ మగవే వస్తె?"

"మగవన్నీ ఒక్క తీరే ఉంటయి. ఏం తెల్వది."

"ఆడవి వచ్చి, అవి గూడ ఒక్క తీరే ఉంటె?"

"అప్పుడు గూడ ఏం తెల్వది."

ఆయన పంజరాన్ని ఇంకొంచెం పైకెత్తి పట్టుకున్నారు.

మేడం ఇంటి వెనక వరండాలో పంజరం దించాం. మేడం బాపును చూసి ఏమీ అడగకుండా లోపలి నుంచి ఒక దుప్పటి తెచ్చిచ్చారు. ఆయన భుజాల మీద కప్పుకుని అదే రిక్షాలో తిరిగి వెళ్లిపోయారు. దాలాన్ గోడలు చూసుకోవాలిగా.

గండం గడిచిందనుకున్నాను. మర్నాడు పొద్దున వెళ్లేసరికి మేడం గేటు దగ్గరే ఎదురుచూస్తున్నారు. ఆకు తింటున్న పురుగులు ఒక్కొక్కటే వణుకుతున్నాయి. తల అటూ ఇటూ విదిలిస్తూ, నోట్లోంచి ఆకుపచ్చటి నీళ్లు కక్కుతూ, కొమ్మను పట్టుకోలేక కిందపడుతున్నాయి.

"కొమ్మ ఎక్కడిది?" అన్నారు మేడం.

"నిన్న పొద్దున ఖాలా చెట్టుదే. సీసాలో అదే ఉంది."

"పొడి కలిపేటప్పుడు ఇది అక్కడే ఉందా?"

బకెట్లోంచి పొగలా లేచిన పొడి, దాలాన్ వైపు కొట్టిన గాలి కళ్లముందు మెదిలాయి. ఉన్న కొమ్మ తీసి పారేశాం. కడిగిన ఆకు పెట్టాం. తడిగుడ్డతో పురుగుల ఒళ్లు తుడిచాం. ఏదీ పనిచేయలేదు. చెల్లెలు వణికినట్టే వణికి, మధ్యాహ్నానికి అన్నీ చచ్చిపోయాయి. వాటి పక్కన కూర్చుంటే నాకు నాయనమ్మ మాట చెవిలో మోగింది. అక్కడి నుంచి లేచి ముఖం కడుక్కుని వచ్చాను.

ఆకు తినని ప్యూపాలు మాత్రం మిగిలాయి. రిక్షాలో దారం తెగకుండా నిలిచినది కూడా ఎట్లాగో తోలు విడిచి ప్యూపా అయింది. అన్నీ కలిపి ఆరు. వాటిమీద కూడా పొడి పడి ఉంటుందా, లోపల బతికి ఉన్నాయా అనేది ఎవరికీ తెలియదు. చూస్తూ కూర్చోవడమే.

ఇంట్లో గోడలన్నీ తెల్లగా, ముక్కులు పగిలే వాసనతో నిండి ఉన్నాయి. ఖాలా తలుపు తీసింది. ఆమె తీశాక సందులో అందరూ తీశారు. నల్లులు గోడల్లోంచి రాలిపడుతుంటే జనం కాంపౌండర్ సాబ్‌ను పొగిడారు. చెల్లెలికి మాత్రం జ్వరం వస్తూనే ఉంది. ఒంట్లో పడ్డ జ్వరానికి గోడ మీద మందు ఏం చేస్తుంది? రోజు విడిచి రోజు వణుకు. అన్నానికి పక్కపక్కన కూర్చున్నప్పుడు బాపుకూ నాకూ మధ్య మాటలు రెండే. "ఏమన్న వచ్చిందా?" అని ఆయన అడిగేవారు. "లేదు" అనేదాన్ని. "నీళ్లన్న తాగిందా?" అని నేను చెల్లెలి గురించి అడిగేదాన్ని.

మొదట ఒక మగది వచ్చింది. రెక్కలు ఆరేదాకా చూసి వదిలేశాం. తర్వాత ఇంకో మగది. మూడో ప్యూపా నల్లబడితే, లోపల రెక్కల రంగు కనిపిస్తోందని ఆశపడ్డాను. కాని అది రోజురోజుకూ ముడుచుకుపోయింది. వేలితో తాకితే డొల్ల. నాలుగోది ఆడది. పట్టరాని సంతోషంతో వంగి చూశాను. తెల్లపట్టీ, అచ్చం మగవాటిలాగే. మేడం దాన్ని వేరే పంజరంలో ఉంచారు. "సగం" అన్నారు. ఐదోది మళ్లీ మగది. ఇక ఒక్కటే మిగిలింది, రిక్షాలో నిలిచినది.

అది రంగు మారిన సాయంత్రం మేడం, "రేపు పొద్దున రావచ్చు, పెందలాడే రా" అన్నారు. ఆ పొద్దునే చెల్లెలికి మునుపెన్నడూ లేనంత జ్వరం వచ్చింది. పలవరించింది. అమ్మ గాబరాపడి చేతిలోని గిన్నె జారవిడిచింది. నాయనమ్మ గోడకు ఆనుకుని దేవుళ్లందర్నీ పిలుస్తోంది. బాపు నాడి చూసి మందు పోశారు. తడిగుడ్డ మార్చే చేతులు నావి తప్ప ఇంకెవరివీ స్థిమితంగా లేవు. నేను కదల్లేదు. కిటికీలోంచి ఎండ ఎక్కుతుంటే మాత్రం చూస్తున్నాను.

బాపు కోటు వేసుకుంటూ, "దవాఖానకు పోయేటప్పుడు అటుకెల్లి పోయి నేను చూస్త" అన్నారు. "ఏం చెయ్యాలె చెప్పు."

"ముట్టొద్దు. రెక్కలు మొదలు ముడతలు పడి ఉంటయి, వాటంతట అవే విచ్చుకోవాలె. పుల్ల మీదనే ఉండనియ్యి. ఆరినంక వెనుక రెక్కలు చూడు" అన్నాను. ఆయన గుచ్చి గుచ్చి రెండుసార్లు అడిగి, సైకిలెక్కారు.

కాచిగూడ మీదుగా దవాఖానాకు చుట్టుదారి. ఆయన దవాఖానాకు ఆలస్యంగా వెళ్లడం అప్పటిదాకా మేమెవరం ఎరగం. ఆ రోజు మధ్యాహ్నం దాకా దవాఖానాకే వెళ్లలేదు. చెల్లెలికి చెమటలు పట్టి జ్వరం దిగుతుండగా వాకిట్లో సైకిల్ గంట మోగింది. బాపు ముందు లోపలికి వెళ్లి చెల్లెలి నుదురు పట్టి చూశారు. తర్వాత నా వైపు తిరిగారు.

"నేను పొయ్యేసరికి పొట్టు పగిలి ఉండె" అన్నారు. "తడి బట్ట లెక్క బయటికొచ్చింది. పుల్ల మీదికి ఎక్కింది. రెక్కలు ఎంతసేపటికీ విచ్చుకోలే. ఒకపక్క విచ్చుకుని ఒకపక్క ఆగింది. ఇగ గింతే అనుకున్న. మీ మేడం గూడ ఏం మాట్లాడలే. నేను ముట్టలే బిడ్డా, నువ్వు చెప్పినట్టే."

"తర్వాత?"

"తర్వాత రెండో పక్క గూడ సాఫ్ అయింది. నడుమ తెల్లమచ్చ. అంచుకు ఎర్రబొట్లు." ఆయన తన అరచేతి అంచు మీద వేలితో చుక్కలు పెట్టి చూపించారు. "ఒళ్లు నల్లగనే ఉన్నది. అది గూడ చూసిన."

నేను అక్కడే, చెల్లెలి మంచం పట్టె మీద తలపెట్టుకుని ఏడ్చాను. నాయనమ్మ గాబరాగా "ఏమైంది, పిల్లకేమైంది?" అని అడుగుతూనే ఉంది.

మర్నాడు మేడం ఇంటికి వెళితే రెండు పంజరాల్లో ఇద్దరు అక్కచెల్లెళ్లున్నారు. ఒకదాన్ని చూసి ఇంకొకదానికి చుట్టమని ఎవరూ అనరు. మేడం బల్లమీద పురుగుల్ని చంపే మందుసీసా, దూది సిద్ధం చేసి పెట్టారు.

"ఎగిరి రెక్కలు చిరిగితే దేనికీ పనికిరావు" అన్నారు. "నువ్వు చేస్తావా, నేను చెయ్యనా?"

అవి బతకాలని ఎన్ని రోజులు వేచి చూశానో, ఎవరి అంగీ విప్పించానో నాకు గుర్తుంది. వాటిని చూపించకుండా నా రాతలు మాత్రమే చూపిస్తే ఎవరూ నమ్మరనీ తెలుసు. నేనే చేశాను. సీసాలో ఒకసారి రెక్కలు కొట్టుకుని ఆగిపోయాయి. ఒక్కోదానికి సూది గుచ్చి, చీటీ రాశాను.

ఇంట్లో ఈ మాట చెప్పాను. బాపు అన్నం కలుపుతున్న చెయ్యి ఆపారు.

"సంపినవా?"

"ఆ."

ఆయన మళ్లీ అన్నం కలుపుతూ, "ఇగ అయిపోయినట్టేనా?" అన్నారు.

"మేడం ఒక్కసారి సరిపోదంటున్నరు. వచ్చే వానాకాలం మళ్లా చెయ్యాలె."

ఆ మాటకు నాయనమ్మ నెత్తి కొట్టుకుంది.

చెల్లెలి జ్వరం చలికాలం మొదట్లో పూర్తిగా వదిలింది. జుట్టు ఊడిపోయి, బక్కచిక్కి, గోడ పట్టుకుని నడవడం మొదలుపెట్టింది. సందులో ఆ ఏడు మళ్లీ ఎవరూ దుప్పట్ల కింద పడలేదు. నేను తర్వాతి వానాకాలానికి పరీక్ష వాయిదా వేసుకున్నాను. సీజను రాగానే తల్లి కోసం ఖాలా నిమ్మచెట్టు దగ్గరికి వెళ్లాను. మందు ఆమె తోటగోడలకు కూడా రెండుసార్లు పడింది. ఆకులు ఒక్క చిల్లు లేకుండా నిగనిగలాడుతున్నాయి. ఖాలా సంతోషంగా "దేఖో బేటీ, ఏక్ కీడా నహీ" అని చూపించింది. ఒక్క పురుగూ లేదు. నేను నవ్వాననే అనుకుంటాను.

విషయం బాపుకు చెప్పాను. ఆ వచ్చే సెలవునాడు నన్ను సైకిల్ వెనక కూర్చోబెట్టుకుని గుడిమల్కాపూర్ తోటల దాకా తొక్కారు. అక్కడ నిమ్మచెట్లు వరసగా ఉన్నాయి. నేలంతా బురద. గుడ్లున్న చోటే తల్లి తిరుగుతుంది కాబట్టి, నేనొక వరస, ఆయనొక వరస పట్టి గుడ్ల కోసం ఆకులు తిప్పి చూసుకుంటూ పోయాం. ఎండెక్కింది, నా వరస అయిపోయింది, ఏమీ దొరకలేదు. ఆయన కోటు విప్పి ఒక కొమ్మకు తగిలించి, మోకాళ్ల మీద వంగి కింది కొమ్మల్లో చూస్తున్నారు.

"బిడ్డా," అని పిలిచారు మెల్లగా, గట్టిగా పిలిస్తే ఏదైనా ఎగిరిపోతుందన్నట్టు. "పసుపు రంగువి ఎంత ఉంటయన్నవు? ఆవగింజ కన్న పెద్దగనా, చిన్నగనా?"